కార్ల జాతకాలు

పంచాంగ శ్రవణంలో మనమందరం చెవులు రిక్కించి వినేవి రెండు: ఆదాయ వ్యయాలు, రాజపూజ్యావమానాలు. సిద్ధాంతిగారు రాశికొక అంకె చదువుతారు. రాజపూజ్యం ఆరు, అవమానం ఒకటి అని వచ్చినవారు మీసం దువ్వుకుంటారు. తారుమారుగా వచ్చినవారు సిద్ధాంతిగారి లెక్కనే అనుమానిస్తారు. మోటారు కార్లకు గూడా యిటువంటి జాతకాలున్నవి. ఒక కంపెనీ బండి పాతబడినా పూజ్యమే. మరొక కంపెనీ బండికి షోరూము దాటిన రోజునుంచే అవమానం. యీ భేదం ఎట్లా పుట్టినదో, యిందులో యంత్రదోషమెంత, జనవాక్యమెంత అన్నది మన బొంబాయి అనుభవాన్ని బట్టి విచారించటం యీ వ్యాసంలో మా వుద్దేశం.

వుగాది సంచికలో కార్ల గోల ఎందుకని పెద్దలు కోప్పడవచ్చు. కాని కాలం మారినది. 1982లో మొదలైన మిల్లుల సమ్మెతో పని పోయిన తరువాత మనవారిలో కొందరు టాక్సీ బాడ్జీ తీసుకున్నారు. యిప్పుడు వారి పిల్లలు అప్పుచేసి సెకండుహాండు బండి కొని అద్దెలకు త్రిప్పుతున్నారు. పదడుగుల గదిలో ఆరుగురు కాపురముంటూ, ఆడవారి మెడలోని వస్తువు కుదువబెట్టి కొనే బండి అది. ఏ కంపెనీది కొనాలి అనేసరికి గల్లీలో పదిమంది పది చెబుతారు. ఏది కొనకూడదన్న విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట: "ఆ కంపెనీది వద్దు తమ్మీ, అమ్మబోతే అడవి అయితది." ఎందుకని అడిగితే, "అందరు అంటున్నరు గద" అంటారు. ఆ 'అందరు' ఎవరో చూద్దాం.

కార్ల విషయంలో మన నగరం పాత కాపు. 1928లోనే అమెరికావారి జనరల్ మోటార్స్ మన శివ్‌డీలో కర్మాగారం పెట్టి, ఓడలలో వచ్చిన భాగాలను కూర్చి కార్లు దింపేది. ఫోర్డు కంపెనీ గూడా బొంబాయిలో యిదే పని చేసేది. 1942లో బిర్లాలు హిందుస్థాన్ మోటార్స్, 1944లో వాల్‌చంద్ హీరాచంద్ గారు ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించారు. ప్రీమియర్ వారి కర్మాగారం మన కుర్లాలో. 1953లో టారిఫ్ కమిషన్ ఒక సిఫారసు చేసినది: వూరికే భాగాలు తెచ్చి బిగించేవారు వద్దు, క్రమంగా యిక్కడనే తయారుచేస్తామనే వారికే అనుమతి యివ్వాలి అని. జనరల్ మోటార్స్, ఫోర్డు ఒప్పుకోలేదు. 1954 నాటికి మూటా ముల్లె సర్దుకొని వెళ్ళిపోయినవి.

వారు వెళ్ళారు గాని వారి బండ్లు యిక్కడనే వుండిపోయినవి గదా! ఆ షెవర్‌లెట్లు, ఫోర్డులు చెడ్డ బండ్లని అనటానికి ఎవరికీ నోరు రాదు. అయినా ఒక చిన్న భాగం విరిగితే ఎక్కడ వెతకాలి? కంపెనీ లేని బండి తల్లిదండ్రులు లేని బిడ్డ వంటిది. యిదే కథ మరల జరిగినది. యీ రెండు కంపెనీలూ 1990 దశాబ్దంలో మనదేశానికి తిరిగి వచ్చినవి. 2017లో జనరల్ మోటార్స్ యిక్కడ అమ్మకం మానుకున్నది, 2021లో ఫోర్డు తయారీ కట్టిపెట్టినది. అరవై యేళ్ళకు పైబడి అటూ యిటూగా ఒకే అనుభవం రెండుసార్లు అయిన జనం, విదేశపు కొత్త పేరు కనబడగానే "వీరు ఎన్నాళ్ళుంటారు?" అని అడిగితే అది వట్టి గుడ్డి ద్వేషమనటానికి వీలులేదు. చెడ్డపేరుకు మొదటి మూలం బండి కాదు, బండి వెనుక నిలబడేవాడు.

యిక మన ఫియట్ సంగతి. 1954 మొదలు కుర్లాలో ఫియట్ 1100 తయారైనది. 1964లో డిలైట్ అనే రకం వచ్చిన తరువాత అదే బొంబాయి టాక్సీ అయి కూర్చున్నది. కలకత్తాలో అంబాసిడర్ ఎట్లాగో యిక్కడ ఫియట్ అట్లా. నలుపు పసుపు రంగులు, స్టీరింగు ప్రక్కనే గేరు కాడ, ముందు పొడుగాటి ఒకే బల్ల సీటు, నెత్తిన సామాను కారియర్. యింజను 1089 సి.సి. 1990 దశాబ్దంలో యీ నగరంలో 60 వేలకు పైగా టాక్సీలు తిరిగేవి; వాటిలో ఫియట్ కాని దానిని వెతికి చూపవలసి వచ్చేది.

ఆ బండిలో లోపాలు లేవా? బోలెడు. యెండాకాలం పరేల్ వంతెన మీద రద్దీలో చిక్కితే పెట్రోలు గొట్టంలోనే ఆవిరై యింజను ఆగిపోయేది. డ్రైవరు తాపీగా దిగి, బానెట్ ఎత్తి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి బీడీ ముట్టించేవాడు. బీడీ అయ్యేసరికి బండి కదిలేది. యే ప్రయాణికుడైనా "ఫియట్ చెడ్డ బండి" అన్నాడా? అనలేదు. రోగం అందరికీ తెలిసినది, మందు గూడా తెలిసినది, ఆ మందు ఒక గుడ్డముక్క. గ్రాంటురోడ్డు నుంచి కుర్లా దాకా ప్రతి సందులో ఫియట్ విప్పి బిగించగల మేస్త్రి వుండేవాడు. చోర్‌బజారులో దాని ప్రతి మర దొరికేది. వైద్యం చవకైనప్పుడు రోగి దీర్ఘాయుష్మంతుడే.

మరొక సంగతి మరువరాదు. ఆ దినాలలో కొందామన్నా వేరే కారు ఏది? డబ్బు కట్టి యేళ్ళ తరబడి వరుసలో కనిపెట్టుకొని వుండవలసి వచ్చేది. చేతికి వచ్చిన బండిని అదేరోజు కొన్న ధర కంటె ఎక్కువకు అమ్ముకోవచ్చు. ఆలస్యంగా దొరికే వస్తువుకు గౌరవం ఎక్కువ. కనుక ఫియట్, అంబాసిడర్‌ల మంచిపేరులో కొంతభాగం లైసెన్సుల కాలానిదే. 1980 దశాబ్దంలో పోటీ రాగానే ఆ భాగం కరిగిపోయినది.

ఆ పోటీ లేని రోజులలో గూడా ఒక కారు మాత్రం చెడ్డపేరు మూటగట్టుకున్నది. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు 1961 నుండి తయారు చేసిన స్టాండర్డ్ హెరాల్డ్. చూడ ముచ్చటైన బండి, త్రిప్పటానికి సులువు. కాని వెనుక చక్రాలు రెండూ ఒకే గట్టి యిరుసు మీద గాక, వేరు వేరు సగం యిరుసుల మీద ఊగేటట్లు అమర్చారు. బరువంతా మోసేది అడ్డంగా వేసిన ఒకే కమాను. యింగ్లండు రోడ్ల కోసం చేసిన ఏర్పాటు అది. మన గతుకులలో, బండి పట్టేదానికి రెండింతలమందిని ఎక్కించే మన అలవాటులో, ఆ కమాను క్రుంగిపోయేది. మలుపు వడిగా తిరిగితే వెనుక చక్రం కాలు మడిచినట్టు లోనికి ముడుచుకునేది. యిది నిజమైన దోషమే, పుకారు కాదు.

యిటువంటి సగం యిరుసుల బండి అమెరికాలో గూడా ఒకటి అభాసు పాలైనది. షెవర్‌లెట్ కార్వేర్ అని 1960 రకం. 1965లో రాల్ఫ్ నాడర్ అనే యువ న్యాయవాది మోటారు కంపెనీలు జనం ప్రాణాలతో చెలగాటమాడుతున్నవని పుస్తకం వ్రాసి, దాని మొదటి ప్రకరణంలోనే యీ బండిని పెట్టాడు. కంపెనీ అప్పటికే వెనుక చక్రాల ఏర్పాటు మార్చివేసినది. ఏమి లాభం? అమ్మకం పడిపోయి 1969లో బండి ఆగిపోయినది. 1972లో అమెరికా ప్రభుత్వ శాఖవారే పరీక్షించి, ఆ తొలి రకాలు గూడా ఆనాటి యితర బండ్ల కంటె హీనంగా ఏమీ లేవని తేల్చారు. అప్పటికి బండి చచ్చి మూడేళ్ళు. నాడర్ గారి పుస్తకం వల్ల అమెరికాలో కార్ల భద్రతకు చట్టాలు వచ్చినవి, వేలాది ప్రాణాలు నిలిచినవి. అది గొప్ప మేలు. కాని దోషం సవరించిన దినాన పేరు సవరణ కాదన్నది గూడా అంతే నిజం.

మద్రాసులోనూ అదే జరిగినది. 1972లో వచ్చిన స్టాండర్డ్ గెజెల్‌కు గట్టి యిరుసు వేశారు, నాలుగు తలుపులు పెట్టారు. అయినా హెరాల్డ్ శాపం విడువలేదు; ఆ దశాబ్దం ముగియకముందే తయారీ ఆగినది. అంతటితో వూరుకున్నా బాగుండేది. 1985లో అదే కంపెనీ స్టాండర్డ్ 2000 అనే పెద్ద కారు దింపినది. ఆకారం యింగ్లండువారి రోవర్, చూస్తే కళ్ళు చెదురుతాయి. లోపలి యింజను మాత్రం ఎప్పటిదో వాన్‌గార్డ్ కాలపు దానికి సవరణ. పైన పటారం లోన లొటారం. ధర ఆకాశంలో, పెట్రోలు ఖర్చు అంతకంటె పైన. మూడు నాలుగేళ్ళలో కర్మాగారమే మూతబడినది.

చెడ్డపేరు ఎన్నటికీ పోదని మాత్రం మేము అనము. మారుతి కథ వినండి. నేటి కుర్రవారికి మారుతి అంటే నమ్మకానికి మారుపేరు. కాని 1971లో సంజయ్‌గాంధీ గారు పెట్టిన మొదటి మారుతి కంపెనీ ఒక్క కారైనా సరిగా జనం చేతికి యివ్వకుండానే దివాలా తీసినది. దాని మీద విచారణ సంఘం వేశారు. 1978 నాటికి మారుతి అనే మాట ఎగతాళి మాట. 1981లో ప్రభుత్వం అదే పేరుతో కొత్త సంస్థ పెట్టినది. 1982లో జపాను సుజుకీతో ఒప్పందం చేసుకున్నది. 1983 డిసెంబరు 14న శ్రీమతి ఇందిరాగాంధీ మొదటి కారు తాళపుచెవులు కొన్నవానికి అందించారు. రేకు డబ్బా అని ఫియట్ డ్రైవర్లు నవ్వారు. వారు నవ్వుతూ వుండగానే ఆ డబ్బా పొద్దున తాళం త్రిప్పగానే కదిలేది, ఆగకుండా లోణావళా ఘాటు ఎక్కేది, ఊరూరా దానికి రిపేరు షాపు వెలిసినది. నాలుగైదేళ్ళలో పాత అవమానం ఎవరికీ గుర్తులేదు. పేరు ఎందుకు తిరిగినది? ప్రకటనల వల్ల కాదు, మరమ్మతు షాపుల వల్ల.

యిప్పుడు మా వ్యాసంలో ముఖ్యఘట్టానికి వచ్చాము. యీ నగరంలో మూడు తరాలు నమ్ముకున్న ఫియట్ పేరు, తరువాతి పాతికేళ్ళలో ఎట్లా పాడైనది?

1995 ప్రాంతంలో ప్రీమియర్ వారు ఫ్రాన్సు దేశపు ప్యుజోతో కలిసి కల్యాణ్ ప్రాంతంలోని కర్మాగారంలో 309 అనే కారు తయారుచేశారు. కార్మికుల గొడవలు, భాగస్వాముల గొడవలు కలిసి మూడేళ్ళలోపే ఆ వ్యవహారం మూలబడినది. ధరావతు కట్టినవారిలో చాలామంది కారు రాక, డబ్బు రాక కోర్టుల చుట్టూ తిరిగారు. 1996లో ఫియట్ ఊనో వచ్చినది. బుకింగులు లక్షల లెక్కన వెల్లువెత్తినవి; అంత గొప్పగా వున్నది ఫియట్ పేరు! కుర్లా కర్మాగారంలో సమ్మె తగిలినది. కార్లు చేతికి రాలేదు. వచ్చినవారికి సర్వీసు సరిగా దొరకలేదు. మధ్యతరగతివాడు దాచుకున్న సొమ్ము కట్టి నెలల తరబడి ఎదురుచూస్తే కలిగే కోపం తడిగుడ్డతో చల్లారేది కాదు. 2001లో పాలియో అనే చక్కని, గట్టి కారు వచ్చినది. సచిన్ టెండుల్కర్ సంతకంతో ఒక ప్రత్యేక రకం గూడా దింపారు. మొదట బాగా అమ్మినా నిలువలేదు. అప్పటికే "బండి బంగారమే, సర్వీసే సున్న" అనే మాట నగరమంతా స్థిరపడినది.

తరువాత జరిగినది వింటే నవ్వు వస్తుంది. ఫియట్ వారు 1.3 లీటరు మల్టీజెట్ అనే డీజిలు యింజను తయారుచేశారు. దానినే మారుతివారు లైసెన్సు మీద తీసుకొని 2007లో స్విఫ్ట్‌లో పెట్టారు. టాటావారు తమ కార్లలో పెట్టారు. ఫియట్ వారు 2009లో తమ సొంత లీనియా, పుంటో కార్లలో పెట్టారు. యింజను ఒకటే జాతి. స్విఫ్ట్ కొనటానికి నెలల వరుస. "మారుతి డీజిలు యింజను, దానికి తిరుగులేదు" అని పొగడనివారు లేరు. పుంటో మాత్రం షోరూములో దుమ్ము తుడిపించుకుంటూ కూర్చున్నది. "ఫియట్‌దా? మెయింటినెన్సు ఎక్కువ" అన్నవాడే స్విఫ్ట్‌లో ఫియట్ యింజను మీద సవారి చేస్తున్నాడు! 2020 నాటికి ఫియట్ పేరుతో కొత్త కారు అమ్మటం మనదేశంలో ఆగిపోయినది.

మా రైల్వేలో పాత ప్రయాణికుల పెట్టెలను మార్చి కొత్త కార్లు మోసే పెట్టెలుగా చేస్తారు. వరుసగా కట్టిపడవేసిన బండ్లను చూస్తే మాకు ఒక ఆలోచన వచ్చేది: ముందు గ్రిల్లు మీది బిళ్ళలు పీకివేసి యార్డులో నిలబెడితే, గల్లీ పండితులలో ఎంతమంది ఏది పూజ్యమో ఏది అవమానమో చెప్పగలరు?

అయితే జనానికి అంత అన్యాయం చేయరాదు. వారి భయానికి ఒక లెక్క వున్నది. ఒకే ధర, ఆరు లక్షలు పెట్టి రెండు కార్లు కొన్నామనుకుందాం. అయిదేళ్ళకు పేరున్నది మూడున్నర లక్షలకు పోతుంది, పేరులేనిది లక్షన్నరకు పోతుంది. మొదటిదానిలో యేటికి 50 వేలు, రెండవదానిలో 90 వేలు తరుగు. నెలకు మూడు వేల పైచిలుకు తేడా. బండి ఒక్క రోజైనా మొరాయించకపోయినా యీ నష్టం తప్పదు. కనుక చెడ్డపేరు అబద్ధమని తెలిసినవాడు గూడా దానికి తలవంచవలసినదే. తరువాత కొనేవాడు నమ్ముతాడు గదా! అప్పు యిచ్చేవాడు అటువంటి పాతబండి మీద తక్కువ యిస్తాడు. కొనేవారు తగ్గితే మేస్త్రి ఆ బండి నేర్చుకోడు. మేస్త్రి లేకపోతే రిపేరు ఖరీదవుతుంది. ఖరీదైతే పేరు యింకా చెడుతుంది. పుకారు తనను తానే నిజం చేసుకుంటుంది. జార్జి ఏకర్‌లాఫ్ అనే అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు 1970లో సెకండుహాండు కార్ల బజారు మీద వ్యాసం వ్రాశాడు. మంచిదేదో చెడ్డదేదో కొనేవానికి తెలియనప్పుడు అన్నిటికీ సగటు ధరే యిస్తాడు. అప్పుడు మంచిబండి గలవాడు బజారుకే రాడు. చివరికి బజారులో మిగిలేది నాసి సరుకే అని. ఆ పనికి 2001లో ఆయన నోబెల్ బహుమానం పంచుకున్నాడు. మన చోర్‌బజారు దళారులకు యీ రహస్యం బహుమానం లేకుండానే తెలుసు.

బండి త్రిప్పి బ్రతికేవారికి యిక్కడ ఒక మాట. మూడేళ్ళలో మార్చేవారు జనవాక్యాన్ని లెక్కచేయవలసినదే. తుక్కుకు వేసేదాకా నడిపేవారికి అమ్మకపు ధరతో పనిలేదు. వారికి పేరు చెడిన కంపెనీలో మంచి బండి సగం ధరకు దొరుకుతుంది. కాని డబ్బు యిచ్చే ముందు రెండు చూడాలి: ఆ బండి విప్పగల మేస్త్రి మన నడిచే దూరంలో వున్నాడా, భాగాలు కుర్లాలో దొరుకుతున్నవా.

యంత్రానికీ డబ్బుకీ సంబంధం లేని మూడవ రకం చెడ్డపేరు ఒకటున్నది. అదే అన్నిటికంటె పాడుది. 1998 డిసెంబరులో టాటావారు యిండికా దింపారు. మొదట్లో లోపాలున్నవి, 2001లో వి2 అని సవరించారు. డీజిలు ఖర్చు తక్కువ గనుక టాక్సీవారు ఎగబడి కొన్నారు. అంతే, యింటివారు ముఖం త్రిప్పుకున్నారు. "టాక్సీ బండిలో పెండ్లికి పోతామా?" రోజుకు రెండువందల మైళ్ళు పరుగెత్తి యేళ్ళ తరబడి ఒక కుటుంబాన్ని పోషించిన బండి అంటే దాని గట్టితనానికి అంతకంటె సాక్ష్యం ఏమి కావాలి? అదే దాని నేరమైనది. 2009లో వచ్చిన నానో గతీ అంతే. లక్ష రూపాయల కారు, లోకంలోకెల్లా చవక కారు అని చాటారు. కొన్నింటికి నిప్పు అంటుకున్నదన్న వార్తలు గూడా చెరుపు చేసినవి గాని, అసలు దెబ్బ ఆ 'చవక' అన్న మాటే. అట్లా చాటటం పొరపాటైనదని తరువాత రతన్ టాటా గారే అన్నారు. స్కూటరు మీద నలుగురు కూర్చుని వానలో తడిసే కుటుంబం కోసం చేసిన బండిని ఆ కుటుంబమే వద్దన్నది. పేదవాని బండి అనిపించుకోవటం యిష్టంలేక. 2018లో అది ఆగిపోయినది. అదే సంవత్సరం డిసెంబరులో అదే టాటావారి నెక్సాన్, గ్లోబల్ ఎన్‌క్యాప్ వారి గుద్దుడు పరీక్షలో అయిదు చుక్కలు తెచ్చుకున్న మొదటి భారతీయ కారు అయినది. అప్పటినుంచి వారి బండ్ల మాట మారినది.

ఎవరు ఎక్కుతారన్నదాన్ని బట్టి బండికి విలువ కట్టే యీ అలవాటు మన కామాటిపురవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. కామాటీలంటే నైజాం సీమనుంచి వచ్చి యీ నగరపు కట్టడాలకు రాళ్ళెత్తిన మనవారే. పేట పేరు వారి చెమటకు వచ్చిన పేరు. బ్రిటిషు కాలంలో కొన్ని గల్లీలలో మరొక వ్యాపారం ప్రవేశించినది. పేరు దానికి పోయినది. ఆ వ్యాపారం యీనాడు చాలవరకు అణగిపోయినా పేరు మాత్రం గెజెల్‌కు హెరాల్డ్ శాపంలాగ అంటుకొనే వున్నది. 2022లో ఒక హిందీ చలనచిత్రంలో మా పేట పేరు వాడవద్దని యిక్కడివారు కూడా బొంబాయి హైకోర్టుకు వెళ్ళారు, అర్జీలు నిలువలేదు. పిల్లనిచ్చే దగ్గర, వుద్యోగపు దరఖాస్తు దగ్గర, అప్పు కాగితాల దగ్గర చిరునామా చదివి కనుబొమలు ఎగరేసేవారిని ఎదుర్కొనని యిల్లు మన చాళ్ళలో తక్కువ. ఆ కాగితం చూసినవాడు మన జీతం రసీదు తరువాత చూస్తాడు.

అందుకని కొందరు శుభలేఖల మీద ముంబయి సెంట్రల్ అని, గ్రాంటురోడ్డు అని, నాగ్‌పాడా అని వేయిస్తున్నారు. వారిని తప్పుపట్టము, ఆడపిల్లల తండ్రుల కష్టం అది. పేరు మార్చాలనే ప్రయత్నం కార్లవారు గూడా చేశారు. ఫియట్‌తో ఒప్పందం తీరిన తరువాత, 1970 దశాబ్దంలో ప్రీమియర్ వారు తమ కారుకు మొదట ప్రెసిడెంట్ అని, వెనువెంటనే పద్మిని అని పేరు పెట్టారు. బొంబాయి డ్రైవరు నోట మాత్రం అది చివరిదాకా ఫియట్టే. చివరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరు 29న మన ప్రక్కనే తాడ్‌దేవ్ ఆర్.టి.ఓ.లో రిజిస్టరైనది, టాక్సీకి యిరవై యేళ్ళ ఆయుర్దాయం గనుక 2023 అక్టోబరు 30 నుంచి ఆ జాతి రోడ్డు మీద లేదు. ఆ యేడే కామాటిపుర చాళ్ళను పడగొట్టి మ్హాడా ద్వారా కొత్త మేడలు కట్టించటానికి ప్రభుత్వం ఒప్పుకున్నది. ఆ మేడలకు ఏ పేరు పెట్టాలన్న వాదన చాళ్ళ మెట్ల మీద అప్పుడే మొదలైనది. ఒకరు దేవుని పేరంటారు, ఒకరు నాయకుని పేరంటారు, కామాటీ అన్న మాట వుండి తీరవలసినదే అనేవారు మావంటివారు కొందరున్నారు. ఏది వేసినా దాని క్రింద వరుసలో పిన్ నంబరు 400008 అనే వుంటుంది, అప్పు కాగితాలు చూసేవాడు ముందు చదివేది ఆ వరుసే.